మందునకు లొంగని క్రిమి

మార్కాపురము పేరు వినగానే మన పెద్దలకు పలక జ్ఞప్తికి వచ్చును. ఆంధ్రదేశమున ఎందరో బాలబాలికలు ఓనమాలు దిద్దుకొన్నది ఆ ప్రాంతపు గనులనుండి త్రవ్వి తీసిన నల్లని రాతిపలకపైననే. నల్లమల కొండలకు తూర్పుగా మార్కాపురము, కంభము, గిద్దలూరు, కొమరోలు మొదలగు ఊళ్లు గల యీ మెట్టసీమలో వానలు తక్కువ. సేద్యముతో కడుపు నిండనివారు కొందరు రాతిపనికి పోవుదురు. రాతిని పొరలుగా చీల్చి, కోసి, అంచులు నునుపు చేయునప్పుడు కంటికి కనబడనంత సన్నని ధూళి లేచును. పలకపై వ్రాసిన పిల్లవానికి ఆ ధూళి సంగతి తెలియదు. పలకను చేసినవాని ఊపిరితిత్తులకు మాత్రము బాగుగా తెలియును.

ఆ ధూళిలో సిలికా అను పదార్థమున్నది. అది ఊపిరితిత్తులలో చేరిన పిమ్మట మరల బయటికి రాదు. శరీరమును కాపాడుటకై దానిని మ్రింగబోయిన కణములు తామే నశించును. క్షయక్రిములను పట్టి బంధించవలసినవియు ఆ కణములే. కావలివాడు లేని యింటిలో దొంగ సులువుగా చొరబడినట్లు, అట్టి ఊపిరితిత్తులలో క్షయ సులభముగా పాతుకొనును. కొమరోలు ప్రాంతమున అట్టి పనిచేయు ఒక గృహస్థునకు దగ్గు పట్టుకొని మూడు వారములైనను తగ్గలేదని యనుకొందము. సాయంకాలము జ్వరము, రాత్రి చెమటలు, నానాటికి శరీరము చిక్కిపోవుట కూడ తోడైనవి. అతనికి క్షయ యున్నదా అనునది మొదటి ప్రశ్న. ఉన్నచో, అతని క్రిమి ఏ మందునకు లొంగును, దేనికి లొంగదు అనునది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు సూక్ష్మదర్శినితో నూరేండ్లకు పైగా సమాధానము చెప్పుచునే యున్నారు. రెండవదానికి త్వరగా సమాధానము చెప్పగలుగుట ఇటీవలి మాట. ఈ పాఠము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

మందే లేని కాలములో ఈ రెండవ ప్రశ్నయే పుట్టలేదు. 1915లో మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము అను క్షయ చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశీయుడగు క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ అను వైద్యుడు దానిని నడిపెను. అక్కడి పొడిగాలి, మంచి ఆహారము, మంచముపై దీర్ఘవిశ్రాంతి: ఇవియే చికిత్స. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు రోగులు అక్కడ నుండెడివారు. కొందరు కోలుకొనిరి, పలువురు కోలుకొనలేదు. మన దేశమున బి.సి.జి. టీకా వేయుట 1948లో మొదట ఆరంభమైనదియు ఆ మదనపల్లెలోనే.

1943లో అమెరికాలో నేలలోని ఒక సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్ అను మందును తీసిరి. క్షయక్రిమిని చంపగల మొదటి మందు అదియే. దాని కథ మనము కొంచెము నిదానముగా చదువదగినది.

యుద్ధానంతరము ఇంగ్లండులో ఆ మందు మిక్కిలి అరుదు. అందరు రోగులకు చాలదు. అందుచేత అచ్చటి వైద్యపరిశోధక మండలి 1947లో ఒక పరీక్ష నారంభించెను. ఒకే విధముగా జబ్బుపడిన 107 మంది రోగులను ఎన్నుకొని, ఎవరికి మందు ఇయ్యవలెనో వైద్యుని ఇష్టమునకు విడువక, చీట్లు తీసినట్లు నిర్ణయించిరి. 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమే లభించెను. ఆరు నెలలు గడచెను. మందు పొందినవారిలో నలుగురు, పొందనివారిలో పదునలుగురు మరణించిరి. వైద్యలోకము ఆనందించెను. ఆనందించుటకు తగిన కారణమే కదా!

అయితే ఆ వైద్యులు అంతటితో లెక్క చాలించలేదు. ఐదు సంవత్సరముల పిమ్మట మరల లెక్కించిరి. మందు పొందిన 55 మందిలో 32 మంది, పొందని 52 మందిలో 35 మంది చనిపోయి యుండిరి. మొదట కనబడిన గొప్ప తేడా చాలవరకు కరిగిపోయినది. ఏమి జరిగినది? మందు ఆరంభించిన కొలది వారములకే పలువురి కఫములోని క్రిములు స్ట్రెప్టోమైసిన్‌కు లొంగుట మానినవి. మందు మారలేదు, వైద్యుడు మారలేదు, రోగియు మారలేదు. రోగిలోని క్రిముల జాతి మాత్రము మారినది.

ఇచ్చట ఒక పొరపాటును తొలగించుకొనవలెను. క్రిములు మందును చూచి తెలివి తెచ్చుకొని మారునని పత్రికలలో తరచుగా వ్రాయుదురు. అది సరియైన మాట కాదు. క్రిమికి తెలివి లేదు. అది రెండుగా చీలునప్పుడు తన జన్యువులోని అక్షరములను తిరిగి వ్రాసికొనును. ఆ వ్రాతలో ఎప్పుడో ఒకసారి తప్పు దొరలును. తప్పులలో పెక్కు దానికే హానికరములు. ఏదో ఒక తప్పు మాత్రము ఆ క్రిమిని మందు బారినుండి తప్పించును. మందు రాకముందు ఆ ఒక్కటి కోట్ల క్రిములలో ఏమూలనో పడియుండును. మందు వచ్చి తక్కిన వానినన్నిటిని చంపగానే, ఆ మూలనున్నది ఖాళీయైన యింటికి యజమాని యగును.

మన రైతులకు ఈ సంగతి పుస్తకము చదువకయే తెలియును. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలపై శనగపచ్చ పురుగు విరుచుకుపడినది. పైరిథ్రాయిడు జాతి పురుగుమందులను రైతులు మరల మరల చల్లిరి. ముందు సంవత్సరములలో చచ్చిన పురుగు ఆ యేడు చావలేదు. అప్పులు చేసి మందు కొన్న రైతుల చేలు చూచుచుండగనే పాడైపోయినవి. పురుగు ఏ బడిలోను చదువలేదు. లొంగిన పురుగులు చచ్చి, లొంగనివాని సంతానమే చేలలో మిగిలినది. చేనిలో జరిగినదే ఊపిరితిత్తిలోను జరుగును.

దీనికి విరుగుడుగా వైద్యులు ఒక లెక్క కట్టిరి. ఐసోనియాజిడ్ అను మందునకు లొంగని క్రిమి సుమారు పది లక్షలలో ఒకటి పుట్టును. రిఫాంపిసిన్ అను మందునకు లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక క్షయపు గుంటలో పది కోట్ల క్రిము లుండవచ్చును. కావున ఏ ఒక్క మందు ఇచ్చినను తప్పించుకొనునది ఒకటి ఉండియే తీరును. రెండింటిని కలిపి యిచ్చినచో రెండింటిని తప్పించుకొనునది నూరు లక్షల కోట్లలో ఒకటి. అన్ని క్రిములు ఏ రోగి దేహమందును ఉండవు. క్షయకు మూడు నాలుగు మందులు కలిపి యిచ్చుటలోని మర్మ మిదియే. రోగి మధ్యలో మానినను, ఒకటి తిని ఒకటి విడిచినను, ఈ లెక్క తప్పిపోవును. అట్లు తప్పిన లెక్కలనుండి పుట్టినదే, రిఫాంపిసిన్‌కును ఐసోనియాజిడ్‌కును రెండింటికిని లొంగని మొండి క్షయ. ఇంతకంటె విషాదకరమైన సంగతి మరియొకటి కలదు. మొండి క్షయ గలవాడు దగ్గినప్పుడు గాలిలోనికి వచ్చునదియు మొండి క్రిమియే. జీవితములో ఒక్క మాత్రయైన మ్రింగని పసిబిడ్డకు కూడ అది అంటుకొనవచ్చును. మందు సరిగా తినని దోషము ఒకరిది, దాని ఫలము మరియొకరిది.

కాబట్టి రోగిని చూచి గాని, అతని మాట విని గాని అతని క్రిమి మొండిదా కాదా చెప్పుటకు వీలులేదు. క్రిమినే అడుగవలెను. దానిని అడుగుటెట్లు?

సాధారణమైన బాక్టీరియాను అడుగు పద్ధతి చాల సుందరమైనది. చదునైన గాజుపళ్లెములో జెల్లీవంటి ఆహారమును పోసి గట్టిపడనిత్తురు. దానిపై రోగినుండి తీసిన క్రిములను సమముగా పూయుదురు. పిదప వేర్వేరు మందులలో తడిపిన చిన్న కాగితపు బిళ్లలను దూరదూరముగా అతికింతురు. పదునారు మొదలు పదునెనిమిది గంటలు వెచ్చగా నుంచినచో క్రిములు పళ్లెమంతట పచ్చికవలె పెరుగును. లొంగిన మందు చుట్టు మాత్రము ఏమియు మొలవని గుండ్రని మడి మిగులును. ఆ మడి వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి మందు పనిచేయునో చేయదో చెప్పుదురు. బోవర్, కర్బీ మొదలగువారు 1966లో ఈ కొలతకు ఒక క్రమము నేర్పరచిరి. ఆ బిళ్లలలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబమున మొదటిదగు ఆరియోమైసిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన అమెరికా పరిశోధనశాలనుండియే 1948లో వెలువడినదని తెలుగువారమగు మనము మరువరాదు.

రక్తములో క్రిములు చేరిన రోగికి ఈ పదునారు గంటలును చాల దీర్ఘమైనవే. అంతకు ముందు రక్తమునుండి క్రిములను పెంచి వేరుచేయుటకు మరికొంత కాలము పట్టును. అందుచేత ఐరోపాలోని ప్రమాణ సంఘమువారు రక్తపు సీసానుండి నేరుగా పళ్లెముపై పోసి, నాలుగు, ఆరు, ఎనిమిది గంటలకే మడిని కొలుచు పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. యంత్రము లక్కరలేదు, అవే బిళ్లలు, అదే పళ్లెము. కొలత చూచు వేళలు, ఎంత వెడల్పైన లొంగినట్లో చెప్పు పట్టికలు మాత్రము వేరు.

క్షయక్రిమి విషయమున ఈ ఉపాయములేవియు పనిచేయవు. కారణము దాని మందగమనము. మన ప్రేగులలో నుండు సామాన్య బాక్టీరియా అనుకూల పరిస్థితులలో ఇరువది నిమిషములకొకసారి రెండగును. క్షయక్రిమి రెండగుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. దానిని పెంచుటకు కోడిగ్రుడ్ల సొనలో మాలకైట్ గ్రీన్ అను రంగు కలిపి, గాజుగొట్టములో ఏటవాలుగా గట్టిపరచి, ఆకుపచ్చని ముద్దను సిద్ధపరతురు. దానిపై కఫమును చల్లి వేచియుండవలెను. గరుకుగా, గోధుమవన్నె పలుకులవలె క్రిములు కనబడుటకు మూడు మొదలు ఎనిమిది వారములు పట్టును. ఆ క్రిములను తీసి మందు కలిపిన గొట్టములలో మరల నాటి, మరల కొన్ని వారములు వేచియున్నపుడు గాని సమాధానము రాదు. ద్రవరూపమైన ఆహారము వాడుకలోనికి వచ్చి ఈ కాలమును తగ్గించినది గాని, అది కూడ దినముల మాట కాదు, వారముల మాటయే.

ఈ రెండు మూడు నెలలలో కొమరోలు గృహస్థు ఏమి చేయుచుండును? ప్రయోగశాల సమాధానము వచ్చువరకు వైద్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండలేడు. వాడుకలోనున్న మందులే యిచ్చును. అతనిది మొండి క్రిమియైనచో ఆ మందులలో ముఖ్యమైనవి పనిచేయవు. పనిచేయు ఒకటి రెండు మాత్రము ఒంటరిగా మిగిలి, ఇందాకటి లెక్కప్రకారము అవియు క్రిమికి లోకువయగును. అతడు ఇంటిలో దగ్గుచునే యుండును. ఒకే గదిలో భార్యయు, పిల్లలును నిద్రించుచుందురు. చివరకు, ఈ మందులు పనిచేయవు అని వ్రాసిన కాగితము వచ్చును. నిజమే చెప్పిన కాగితము; కాని ఆలస్యముగా చెప్పినది. పరీక్ష తప్పుట ఒక విధమైన నష్టము, ఆలసించుట మరియొక విధమైన నష్టము. రెండవది లెక్కపుస్తకములలో కనబడదు గావున దానిని గూర్చి ఎవరును అంతగా మాటలాడరు.

క్రిమి పెరుగువరకు వేచియుండక దాని జన్యువును నేరుగా చదివినచో? ఈ ఆలోచనయే సంగతిని మార్చివేసినది. రిఫాంపిసిన్ క్రిమిలోని ఒక యంత్రాంగమునకు అతుకుకొని దానిని స్తంభింపజేయును. ఆ యంత్రాంగమును నిర్మించు జన్యువులో 81 అక్షరముల చిన్న భాగ మొకటి కలదు. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిములలో నూటికి తొంబదియైదింటిలో వ్రాతతప్పు ఆ 81 అక్షరములలోనే యుండును. మహాగ్రంథములో తప్పు ఏ పుటలో నుండునో ముందే తెలిసినట్లయినది! ఆ ఒక్క పుట చదివిన చాలును.

చదువు విధము ఇట్టిది. కఫములో ఒక ద్రవమును కలిపి పదునైదు నిమిషము లుంచగా అది పలుచబడును, అందలి క్రిములు చాలవరకు చచ్చును. దానిని ఒక చిన్న పెట్టెలో పోసి మూతవేసి యంత్రములో నుంచుదురు. తరువాతి పని యంత్రమే చేయును. అది క్రిములను వడకట్టి, పగులగొట్టి, లోపలి జన్యుపదార్థమును వెలికి తీయును; ఆ 81 అక్షరముల భాగమునకు కోట్లకొలది ప్రతులు తీయును. మొదట వచ్చిన యంత్రములో ఈ భాగమును తడవి చూచుటకు ఐదు రకముల అణువులుండెడివి. ఒక్కొక్కటి ఆ భాగములో ఒక్కొక్క తునకకు అచ్చముగా సరిపోవును. తాళపుచెవి తన కప్పలో ఇమిడినట్లు ఇమిడినపుడు అది వెలుగును. ఒక్క అక్షరము తప్పిన తునకపై అది ఇముడదు, వెలుగదు. ఐదును వెలిగినచో క్రిమి ఉన్నది, రిఫాంపిసిన్‌కు లొంగును. నాలుగు వెలిగి ఒకటి వెలుగకున్నచో క్రిమి ఉన్నది, లొంగదు. వెలుగవలసినది వెలుగకుండుటయే అచ్చట వార్త. ఇదంతయు సుమారు రెండు గంటలలో ముగియును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఈ పరీక్షను అంగీకరించెను. మన ఆసుపత్రులలో దానిని సి.బి. న్యాట్ అని వ్యవహరింతురు. అటువంటిదే ట్రూన్యాట్ అను పరీక్షను మన దేశమున గోవాలో రూపొందించిరి. 2020లో దానికిని ఆ సంస్థ అంగీకారము లభించెను. ఇది బ్యాటరీతో నడచును గావున, కరెంటు నిలకడలేని చిన్న ఆరోగ్యకేంద్రములకు మిక్కిలి అనుకూలమైనది. వేసవిలో మన మెట్టప్రాంతపు కరెంటు సంగతి యెరిగినవారికి ఈ సౌకర్యపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను రెండు గంటల యంత్రమునకు ముందు మనుష్యులు చేయవలసిన పని కొంత యున్నది. కొమరోలు గృహస్థు ఆరోగ్యకేంద్రమునకు వచ్చి డబ్బీలో నోటియుమ్మి పోసి యిచ్చినాడనుకొందము. అక్కడి ఉద్యోగి దానిని చూడగానే, “ఇది ఉమ్మి గదన్నా. తెల్లవారగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలినుండి దగ్గి గళ్ల తీసికొని రావలెను” అని చెప్పి మరియొక డబ్బీ నిచ్చును. ఉమ్మిలో క్రిములు లేనిచో ఎంతటి యంత్రమును వానిని కనుగొనజాలదు. వచ్చిన గళ్లను గట్టిగా మూతబిగించి, చల్లని పెట్టెలో నుంచి, యంత్రమున్న చోటికి పంపవలెను. బస్సు తప్పినను, పెట్టె ఎండలో మిగిలినను రెండు గంటల పరీక్ష రెండు దినములదో, నాలుగు దినములదో యగును. ఇదియును గాక, దగ్గునకు మందులదుకాణములో తమంత తామే కొని తిను మాత్రలలో కొన్ని క్షయక్రిమిని కొంతకాలము అణచియుంచి, రోగము బయటపడకుండ చేయును. అట్టి మందుల పొట్లముపై ఎఱ్ఱని గీత ముద్రించు పద్ధతిని గూర్చి మన ప్రభుత్వము 2016 నుండి ప్రచారము చేయుచున్నది. వైద్యుని చీటి లేనిదే కొనరాదని ఆ గీతకు అర్థము. మీ యింటిలోని మాత్రల పొట్లములను త్రిప్పి చూచినచో ఒకటి రెండింటిపై అది కనబడవచ్చును.

ఈ యంత్రమునకు తెలియని సంగతులును గలవు. అది చచ్చిన క్రిమిని, బ్రతికిన క్రిమిని వేరుచేసి చెప్పలేదు. కావున చికిత్స ముగిసినవానికి జబ్బు నయమైనదా అని దానిని అడుగుట వ్యర్థము. ఆ 81 అక్షరములు తప్ప తక్కిన గ్రంథమును అది చదువదు. ఐసోనియాజిడ్ మొదలగు తక్కిన మందుల సంగతి తెలిసికొనుటకు వేరు జన్యుపరీక్షలు చేయుదురు. కొన్ని మందులకైతే నేటికిని క్రిమిని పెంచియే చూడవలెను. వేగమైన పరీక్ష వచ్చినదని పాత గ్రుడ్డుముద్దను ఎవరును పారవేయలేదు.

పూర్వము మొండి క్షయకు పదునెనిమిది మొదలు ఇరువదినాలుగు నెలల చికిత్స యుండెడిది. నెలల తరబడి సూదులు పొడిపించుకొనగా, వానివలన కొందరికి చెవుడు వచ్చెడిది. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అను నాలుగు మందులు కలిసిన ఆరు నెలల చికిత్సను భారత ప్రభుత్వము 2024లో ఆమోదించినది. ఇందులో సూదులు లేవు, అన్నియు మాత్రలే. అయితే ఈ మందులను గూర్చియు మొదటి ప్రశ్న అదే: ఈ క్రిమి వీనికి లొంగునా? స్ట్రెప్టోమైసిన్‌కు పట్టిన గతి వీనికి పట్టకుండుట ఆ ప్రశ్నను ఎంత త్వరగా అడుగుదుమో దానిపై చాలవరకు ఆధారపడియున్నది.

మన గృహస్థుని గళ్లను రెండు డబ్బీలలో తీసికొందురు. ఒకటి యంత్రములోనికి పోవును. నాలుగు అణువులు వెలిగి ఐదవది వెలుగకున్న సంగతి, అన్నియు సవ్యముగా జరిగినచో, వైద్యునికి ఆ పూటయే తెలియును. అతనికి తగిన మందుల ఏర్పాటు మొదలగును. భార్యాబిడ్డలను కూడ పిలిచి పరీక్షింతురు. రెండవ డబ్బీ చల్లని పెట్టెలో దూరపు ప్రయోగశాలకు ప్రయాణమై పోవును. అచ్చట ఆకుపచ్చని గ్రుడ్డుముద్దపై ఆ క్రిములు తమ నెమ్మదియైన తీరున దినమున కొకసారి రెండగుచుండును. అవి కంటికి కనబడునంతగా పెరుగునప్పటికి, కొమరోలులో ఆ గృహస్థు కొత్త మందు తినుట మొదలిడి నెల దాటియుండును.